శబ్దం పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా?

మొదట మారింది అరుపు. పాలవాడి మోటారు సైకిలు వీధి మలుపు తిరగకముందే ఇల్లు అదిరేలా మొరిగే బ్రూనో, ఆ సంక్రాంతి వెళ్లాక బొంగురు గొంతుతో రెండు అరుపులు అరిచి ఊరుకోవడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ల లాబ్రడార్‌కు గొంతు బొంగురుపోతే అదొక జబ్బని ఎవరికి తోస్తుంది? మా ఆవిడైతే ఇన్నాళ్లకు పక్కింటివాళ్ల ముందు తలెత్తుకుని తిరగవచ్చని సంతోషించింది.

బ్రూనో మా అబ్బాయి కుక్క. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు పిల్లగా తెచ్చుకున్నాడు. డాలస్ వెళ్తూ విజయవాడలో మా దగ్గర వదిలాడు. మా కాలనీలో ఇలాంటి కుక్కలు చాలా ఉన్నాయి. పిల్లలు విమానం ఎక్కుతారు, వాళ్ల కుక్కలు మా వరండాల్లో దిగుతాయి. విద్యుత్ శాఖలో పదవీ విరమణ చేసి ఖాళీగా ఉన్న నాకు పొద్దున్నే లేవడానికి ఒక కారణం దొరికింది కాబట్టి ఫిర్యాదేమీ లేదు.

అరుపు తర్వాత నీళ్లు. గిన్నెలో నీళ్లు గబగబా తాగుతూ ఒక్కసారిగా ఆగి ఖళ్లుఖళ్లుమని దగ్గేవాడు. అన్నం తిన్నాక ఏదో అడ్డుపడినట్టు మెడ సాచి, కాస్త నురగ కక్కేవాడు. "పొలమారింది, అబ్బాయి తలుచుకుంటున్నాడు" అనేది మా ఆవిడ. రోజుకు అన్నిసార్లు తలుచుకుంటే వాడు అక్కడ ఉద్యోగం ఎప్పుడు చేస్తున్నట్టని నా అనుమానం.

ఉగాది నాటికి నడక కూడా తగ్గింది. కాలువ గట్టు మీద సగం దూరం వెళ్లగానే కూర్చుండిపోయేవాడు. కూర్చుని రొప్పేవాడు. ఎండల్లో కుక్కలన్నీ రొప్పుతాయి. కానీ వీడి రొప్పులో గరగరమనే శబ్దం ఉండేది. చల్లబడ్డాక, ఇంట్లో పడుకున్నాక కూడా అది పూర్తిగా పోయేది కాదు.

మొదట చూపించిన పశువైద్యుడు స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి విన్నారు. "శ్వాసనాళాల వాపు సార్, వయసు కూడా అయింది కదా" అని యాంటీబయాటిక్, దగ్గు మందు రాశారు. మందులు అయిపోయాయి, గరగర పోలేదు. మళ్లీ వెళ్తే యాంటీబయాటిక్ మార్చి, ఆయాసం మాత్రలు చేర్చారు. ఆయన శ్రద్ధగా చూడలేదని అనను. ఛాతీ శుభ్రంగా ఉందని ఆయనే చెప్పారు. ఛాతీకే మందులు రాశారు. నాకు మింగుడుపడనిది ఆ ఒక్కటే.

తర్వాత వెళ్లింది ఒక యువ వైద్యురాలి దగ్గరికి. ఆ అమ్మాయి స్టెతస్కోపును ఛాతీ మీద కాసేపు, గొంతు మీద చాలాసేపు పెట్టింది. "అంకుల్, ఈ శబ్దం ఊపిరి పీల్చేటప్పుడు వస్తోందా, వదిలేటప్పుడు వస్తోందా?" అని అడిగింది. నేను, మా ఆవిడ ముఖాలు చూసుకున్నాం. అంతవరకు మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న అది. ఆసుపత్రిలో కుక్క కంగారులో ఉంటుంది కాబట్టి ఇంట్లో పక్కకు తిరిగి పడుకున్నప్పుడు, పక్కటెముకలు కనిపించేలా, శబ్దం వినిపించేలా ఫోనులో వీడియో తీయమంది. ఫ్యాను ఆపి తీయమని కూడా చెప్పింది. ఆ రాత్రే తీశాం. చూస్తే తేటతెల్లంగా ఉంది: పక్కటెముకలు పైకి లేచేటప్పుడే గరగర, దిగేటప్పుడు దాదాపు ఏమీ లేదు.

ఉబ్బసం లాంటివాటిలో ఇబ్బంది లోపలి చిన్న గొట్టాల్లో ఉంటుందట. అందువల్ల ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. పీల్చేటప్పుడు గట్టిగా మోగిందంటే అడ్డు పైన, గొంతు దగ్గర ఉందేమో చూడాలి. పెద్ద జాతి కుక్క, ముసలితనం, మారిన అరుపు, పొలమారడం, నడవలేకపోవడం. ఇవన్నీ ఒకచోట చేర్చి ఆమె చెప్పిన పేరు లారింజియల్ పెరాలిసిస్. అంటే స్వరపేటిక పక్షవాతం. లాబ్రడార్లలో ఎక్కువగా కనిపిస్తుంది. గోల్డెన్ రిట్రీవర్, సెయింట్ బెర్నార్డ్, న్యూఫౌండ్‌లాండ్ వంటి వాటికీ వస్తుంది.

ఆమె వివరించింది నాకు అర్థమైన మేరకు చెబుతాను. గాలి గొట్టం ద్వారం దగ్గర అటొకటి ఇటొకటి రెండు మృదులాస్థి రెక్కలు ఉంటాయి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఒక చిన్న కండరం వాటిని పక్కలకు లాగి దారి తెరుస్తుంది. మింగేటప్పుడు ఆ దారి మూసుకుంటుంది. ఆ కండరానికి ఆజ్ఞ మోసుకొచ్చే నరం మెదడు నుంచి తిన్నగా గొంతుకు రాదు. ఎడమ వైపు నరం మెడ దాటి ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని కింద నుంచి చుట్టు తిరిగి, మళ్లీ పైకి ఎక్కి గొంతు చేరుతుంది. ఈ జబ్బులో ముందుగా దెబ్బతినేవి ఇలాంటి పొడవైన నరాలే. నాకు ఇక చెప్పనక్కర్లేకపోయింది. పల్లెలకు కరెంటు మోసుకెళ్లే ఫీడర్ లైన్లలో సబ్‌స్టేషన్ పక్కింట్లో బల్బు భేషుగ్గా వెలుగుతున్నా, లైను చివరి ఇంట్లో వోల్టేజి పడిపోతుంది. నా ఉద్యోగమంతా ఆ చివరి ఇళ్ల ఫిర్యాదులతోనే గడిచింది.

అందుకే ఆమె బ్రూనో వెనక కాళ్లు చూసింది. నిలబెట్టి, పాదాన్ని వెనక్కి మడిచి నేల మీద పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంటనే పాదాన్ని సరిచేసుకుంటుంది. బ్రూనో ఎడమ పాదాన్ని సరిచేసుకున్నాడు, కుడి పాదాన్ని కాసేపు అలాగే ఉంచేశాడు. నేలకు రాసుకుని గోళ్లు అరిగి ఉన్నాయి. టైల్స్ మీద జారడం మేమూ చూస్తున్నాం, కీళ్ల నొప్పులని సరిపెట్టుకున్నాం. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జబ్బు ఉన్న 32 కుక్కలను పరిశీలించారు. మొదట్లో కొన్నిటిలోనే కనిపించిన నరాల బలహీనత, ఏడాది తిరిగేసరికి గమనిస్తూ వచ్చిన అన్ని కుక్కల్లోనూ కనిపించింది. అన్నవాహిక కదలికలు కూడా మందగిస్తాయి. అంటే గొంతు ఈ జబ్బు ముందుగా బయటపడే చోటు మాత్రమే.

గొంతు లోపల చూసే పరీక్ష హైదరాబాదులో చేయిద్దామని నిర్ణయించుకున్నాం. అంతలో రోహిణి కార్తె వచ్చింది.

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలి కరెంటు పోయింది. పాత ఉప్పు తిన్నవాడిని కాబట్టి దాని గురించి ఏమీ అనను. సరిగ్గా అప్పుడే మా బావమరిది కుటుంబంతో పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. బ్రూనోకు వాళ్లంటే ప్రాణం. వరండాలో అటూ ఇటూ నాలుగు గెంతులు గెంతి, పడిపోయాడు. ప్రతి ఊపిరికీ మెడ సాగుతోంది, పక్కటెముకలు లోపలికి పోతున్నాయి, గాలి మాత్రం అందడం లేదు. నాలుక ఎరుపు నుంచి నేరేడుపండు రంగులోకి మారింది.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ వేడిని బయటికి పంపడమే దానికున్న ప్రధాన మార్గం. గాలి దారి ఇరుకైతే ఒళ్లు వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ ఇంకా బలంగా లాగుతుంది. బలంగా లాగేకొద్దీ పట్టు తప్పిన ఆ రెక్కలు గాలితోపాటు లోపలికి ఒరిగి ఉన్న దారిని మూసేస్తాయి. పైగా అక్కడ వాపు వస్తుంది. ఫోనులో ఆ వైద్యురాలు చెప్పిన మొదటి మాట "ముందు తడపండి అంకుల్, తర్వాత బయలుదేరండి" అని. కుళాయి తిప్పితే మేడ మీది ట్యాంకులోంచి సలసల కాగే నీళ్లు వచ్చాయి. స్నానాల గదిలో తెల్లవారే పట్టి ఉంచిన బకెట్లు, వంటింట్లో మంచినీళ్ల కుండ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పొట్ట, తొడల సందులు, చెవులు తడిపి విసనకర్రలతో విసిరాం. నోట్లో మాత్రం చుక్క నీరు పోయవద్దంది. అసలే తెరుచుకోని గొంతు, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కారులో ఏసీ పూర్తిగా పెట్టి తీసుకెళ్లాం.

ఆసుపత్రిలో జ్వరం 106 డిగ్రీలు చూపించింది. ఆక్సిజన్ పెట్టి, వెంటనే మత్తు సూది వేశారు. "బావగారూ, ఊపిరాడక కొట్టుకుంటుంటే మత్తిస్తున్నారేమిటి?" అని మా బావమరిది నా మీద ఎగిరాడు. చూస్తుంటే నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ మత్తుతోనే వాడి భయం తగ్గింది, ఊపిరి లాగే వేగం తగ్గింది, వేగం తగ్గగానే గాలి లోపలికి వెళ్లడం మొదలైంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇచ్చారు. అప్పటికీ తేరుకోకపోతే గొంతులోకి గొట్టం వేయాలి, అదీ కుదరకపోతే మెడ దగ్గర కోసి గాలికి దారి చేయాలి. అంతదాకా రాలేదు. నాలుక గులాబీ రంగుకు తిరిగాక మా ఆవిడ మంచినీళ్లు తాగింది.

రెండు రోజులు ఆగి, ఎండ తప్పించుకోవడానికి రాత్రిపూట బయలుదేరి హైదరాబాదు చేరాం. శస్త్రచికిత్స నిపుణుడు ఒకప్పుడు మలక్‌పేట రేసు గుర్రాలకు వైద్యం చేసిన మనిషి. "ఇది గుర్రాల్లో పాత జబ్బే సార్. వాటికి ఎక్కువగా ఎడమ వైపే పడిపోతుంది, పరుగెత్తేటప్పుడు గొంతు మోగుతుంది" అన్నారు. పడిపోయిన రెక్కను దారంతో పక్కకు కట్టే పద్ధతి గుర్రాలకు 1970 నాటి నుంచే ఉందట. కుక్కలకు కూడా ఇప్పుడు చేసేది దాదాపు అదే.

కాగితం మీద బొమ్మ వేసి ఆయన చెప్పినదాంట్లో దాపరికం లేదు. నరం మళ్లీ పనిచేయదు, చేయించే మందు లేదు. చేయగలిగింది ఒక వైపు రెక్కను పక్కకు లాగి, కరగని పాలీప్రొపిలీన్ దారంతో శాశ్వతంగా కట్టేయడం. గాలికి దారి దొరుకుతుంది. కానీ ఆ తలుపు ఇక మింగేటప్పుడు కూడా పూర్తిగా మూసుకోదు.

"రెండు వైపులా కడితే ఇంకా మంచిది కాదా?" అని అడిగాను.

"గాలి బాగా వెళ్తుంది సార్. అన్నం కూడా ఊపిరితిత్తుల్లోకి అంత బాగానూ వెళ్తుంది."

ఒక వైపు కట్టినా ఆ ప్రమాదం బతికినంత కాలం ఉంటుంది. జబ్బు తక్కువగా ఉన్న కుక్కలను బరువు తగ్గించి, చల్లటి గదిలో ఉంచి, ఉద్రేకపడకుండా చూసుకుంటూ శస్త్రచికిత్స లేకుండానే చాలాకాలం నెట్టుకురావచ్చని కూడా ఆయనే చెప్పారు. అయితే ఒకసారి నాలుక నీలం తిరిగిన కుక్కకు ఆ మార్గం సరిపోదన్నారు. డాలస్ నుంచి మా అబ్బాయి ఇంకో వైద్యుడి అభిప్రాయం తీసుకుందామన్నాడు. ఖర్చు నా నెల పింఛనుకు మించే ఉంది. అబ్బాయి పంపుతానన్నా నేను ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. చివరికి తేల్చింది మా ఆవిడ. "ముద్ద చేసి పెట్టడం నాకు చేతనవుతుంది. గాలి పెట్టడం చేతకాదు. చేయించండి" అంది.

ముందు ఛాతీ ఎక్స్‌రే తీశారు. నిమోనియా లేదు, అన్నవాహిక ఉబ్బి లేదు. థైరాయిడ్ తక్కువగా ఉన్న కుక్కల్లో కూడా ఇది కనిపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష చేశారు, మామూలుగానే ఉంది. తర్వాత తేలికపాటి మత్తులో గొంతు చూశారు. నన్ను తెర ముందు నిలబడనిచ్చారు. మత్తు ఎక్కువైతే మంచి గొంతు కూడా కదలదట. అందుకని ఊపిరిని ఉత్తేజపరిచే డాక్సాప్రామ్ అనే మందు ఇచ్చి చూశారు. సహాయకుడు బ్రూనో పక్కటెముకల మీద చెయ్యి వేసి "లోపలికి... బయటికి... లోపలికి..." అని చెబుతూ ఉన్నాడు. తెర మీద రెక్కలు కదులుతున్నాయి కదా, మరి పక్షవాతమేమిటని నాకు సందేహం వచ్చింది. చూడగా చూడగా తెలిసింది. సహాయకుడు "లోపలికి" అన్నప్పుడు తెరుచుకోవలసినవి దగ్గరికి చేరుతున్నాయి. "బయటికి" అన్నప్పుడు గాలి తోసేస్తే విడిపోతున్నాయి. ఆ కదలిక వాటిది కాదు, గాలిది. పక్కన మనిషి నిలబడి ఊపిరి చెప్పకపోతే అంత చదువుకున్నవాళ్లు కూడా పొరబడవచ్చని సర్జన్ అన్నారు. ఆ మత్తులోనే మెడ ఎడమ పక్కన కోసి పని పూర్తి చేశారు.

ఆ సాయంత్రం నేను విన్నది ఏమీ లేదు. అంటే గరగర లేదు. నెలల తరబడి ఇంట్లో మోగుతున్న శబ్దం ఆగిపోయేసరికి బతికే ఉన్నాడా అని దగ్గరికి వెళ్లి పక్కటెముకలు చూశాను.

ఇంటికి వచ్చాక పెట్టిన నియమాలు చాలా ఉన్నాయి. మెడకు పట్టీ వద్దు, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడాలి. పొడిపొడిగా రాలే బిస్కట్లు, పొడి గుళికల తిండి పూర్తిగా మానేయాలి, తునకలు గాలి గొట్టంలోకి పోతాయి. మెత్తగా ఉడికించిన అన్నం, కోడిమాంసం కలిపి నిమ్మకాయంత ముద్దలు చేసి ఒక్కొక్కటే పెట్టాలి. ఈ జబ్బు కుక్కలకు మాంసం ఉండలు పెట్టమని అన్నిచోట్లా చెబుతారట. ముద్ద చేసి పెట్టడం మన ఇళ్లల్లో కొత్తగా నేర్చుకునే విద్యా? నెయ్యి మాత్రం ఆపేశారు. 38 కిలోల బ్రూనో ఇప్పుడు 33 కిలోలు. ఈత బతుకంతా నిషేధం. మా ఊరు వెళ్తే కాలువలో దూకకుండా పట్టుకోవడం ఇద్దరు మనుషుల పని.

మొదటి వారాలు అరవనివ్వకూడదు, కట్టిన దారం ముసలి మృదులాస్థిని కోసుకుని ఊడిపోవచ్చు. కాలింగ్ బెల్ తీగ నేనే తీసేశాను. పాలవాణ్ణి ఫోను చేసి రమ్మన్నాం. అన్నిటికంటే కష్టమైనది అబ్బాయి వీడియో కాల్. వాడి గొంతు వింటే చాలు, బ్రూనో తోకతో ఇల్లు ఊడ్చేస్తాడు. అందుకని నెల రోజులపాటు మేడ మీదికి వెళ్లి చెవికి ఫోను ఆనించి గుసగుసగా మాట్లాడుకున్నాం. పక్కింటివాళ్లు ఏమనుకున్నారో.

భాద్రపదంలో, ముసురు పట్టిన రోజుల్లో, సర్జన్ హెచ్చరించిన నిమోనియా వచ్చింది. పొద్దున ముద్ద ముట్టలేదు. లాబ్రడార్ అన్నం మానేయడమే పెద్ద లక్షణం. నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం మాకు ముందే నేర్పారు. మామూలుగా నిమిషానికి ముప్పైకి లోపు ఉండాలి. ఆ రోజు నలభై ఎనిమిది ఉంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లబడింది. యాంటీబయాటిక్ సూదులు వేశారు, సెలైన్ ఆవిరి పట్టించారు. ఆవిరి పట్టాక అరచెయ్యి గిన్నెలా మడిచి పక్కటెముకల మీద తట్టడం నా వంతు. ఉదయాన్నే పట్టుకున్నాం కాబట్టి బయటపడ్డాడని యువ వైద్యురాలు అంది. అప్పటి నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు లెక్క చూసి క్యాలెండర్‌లో రాస్తున్నాను. తిథి, వర్జ్యం పక్కనే బ్రూనో ఊపిరి అంకె.

శస్త్రచికిత్స చేయించి మంచి పని చేశారా అని కాలనీలో కుక్కలున్నవాళ్లు అడుగుతుంటారు. మా బ్రూనో విషయంలో అవుననే చెబుతాను. వాడు మళ్లీ కాలువ గట్టు చివరి దాకా నడిచాడు, గొంతు పెగలకపోయినా పాలవాణ్ణి బెదిరించాడు. అయితే అడిగినవాళ్లు పొడి తిండి గిన్నెలో పోసి ఆఫీసుకు వెళ్లిపోయే రకమైతే వద్దనే అంటాను. ఈ శస్త్రచికిత్స తర్వాత ఇంట్లో ఒక మనిషి పూట పూటా దగ్గర కూర్చోవాలి. వాళ్లు ఏది ఎంచుకున్నా ముందు వీడియో తీసి, ఊపిరి పీల్చేటప్పుడు మోగుతోందో వదిలేటప్పుడు మోగుతోందో చూసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లమంటున్నాను.

ఇప్పుడు ఇబ్బందంతా వెనక కాళ్లది. గొంతు దారి బాగానే ఉంది, రెండో వైపు ముట్టుకోనక్కర్లేదని సర్జన్ చెప్పారు. కాళ్ల నరాలకు మాత్రం కట్టడానికి దారమేమీ లేదు. మెల్లగా నడిపించడం, కాళ్లు చాచి మడిపించడం, జారకుండా చూడడం, అంతే. హాలంతా కొబ్బరిపీచు పట్టాలు పరిచాం. మెట్లు ఎక్కేటప్పుడు పొట్ట కింద పాత దుప్పటి వేసి నేనొక కొస, మా ఆవిడ ఒక కొస పట్టుకుంటున్నాం. మా ఇద్దరి నడుములు కూడా లైను చివరివే కాబట్టి, వరండా మెట్ల పక్కన వాలుగా ర్యాంపు కట్టించాలనుకున్నాం. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. కుక్క కోసమని చెబితే నమ్మక, "పెద్దాయన కోసమేనా అమ్మా?" అని మా ఆవిడను అడిగి, నా కాళ్ల వంక చూసి, చేతికి పట్టుకోవడానికి కమ్మీ కూడా లెక్క వేసి ఇచ్చాడు. కమ్మీ కూడా పెట్టించేయమంది మా ఆవిడ. సోమవారం పని మొదలవుతుంది.